కారు ఆడియోకి రెండో బ్యాటరీ వేయిస్తున్నారా? ముందు ఎర్తింగ్ చెక్ చేయండి!

ఈ సైట్‌లో నేను ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించే రాస్తుంటాను. ఈసారి గ్యాడ్జెట్ కొంచెం పెద్దది, ఏకంగా కారే. కారణం మా పిన్ని కొడుకు. వాడుండేది చైతన్యపురిలో. పాత స్విఫ్ట్‌కి ఈ మధ్యే 500 వాట్ల ఆర్‌ఎమ్‌ఎస్ మోనో ఆంప్, 12 అంగుళాల సబ్ వూఫర్ పెట్టించాడు. రెండు వారాలు బాగానే మోగింది. తర్వాత ఫోన్ వచ్చింది.

"అన్నా, వాల్యూమ్ పెంచితే ఆంప్ మీద ఎర్ర లైట్ వచ్చి బేస్ కట్ అయితుంది. షాప్ల అడిగితే బండికి పవర్ సరిపోతలేదు, సెకండ్ బ్యాటరీ వెయ్యాలె అంటున్నరు. 14 వేలు అడుగుతున్నరు. వేయించాల్నా?"

"ఆగు, ఆదివారం నేనొస్తా. అప్పటిదాకా సౌండ్ పెంచకు" అన్నాను. ఆ ఆదివారం డిక్కీలో చూసింది తలుచుకుంటే ఇప్పటికీ కొంచెం భయమేస్తుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వైపు మీలో చాలామంది కార్లకు ఇలాంటి సెటప్పులు చేయించుకుంటున్నారు కాబట్టి, అసలు రెండో బ్యాటరీ ఎవరికి అవసరం, దానికి ఎర్తింగ్ ఎలా చేయాలి అన్నది వివరంగా చూద్దాం.

రెండో బ్యాటరీ అసలు ఏం చేస్తుంది?

ముందుగా ఒక అపోహ. రెండో బ్యాటరీ పెడితే కారులో కరెంట్ పెరగదు. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు కరెంట్ తయారు చేసేది ఆల్టర్నేటర్, అంటే మన మెకానిక్‌లు డైనమో అని పిలిచేది. బ్యాటరీ అందులోంచి కొంత దాచుకుంటుంది, అంతే. మన అపార్ట్‌మెంట్ మీద రెండో ట్యాంకు కట్టినంత మాత్రాన కృష్ణా వాటర్ ఎక్కువ రాదు కదా! వచ్చిన నీళ్లు ఎక్కువసేపు దాచుకోవచ్చు, ఒక్కసారిగా ఎక్కువ వాడుకోవచ్చు. ఇదీ అలాగే.

కొన్ని నంబర్లు గుర్తుంచుకోండి:

- ఇంజిన్ ఆఫ్‌లో, ఫుల్‌గా ఛార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 దగ్గర ఉంటే సగం అయిపోయినట్టే.
- ఇంజిన్ ఆన్ చేస్తే సాధారణంగా 13.8 నుంచి 14.4 వోల్టులు కనిపించాలి.
- 500 వాట్ల క్లాస్ డి ఆంప్ 80 శాతం ఎఫిషియెన్సీతో పనిచేస్తే లోపలికి 625 వాట్లు కావాలి. దాన్ని 13.8తో భాగిస్తే సుమారు 45 ఆంపియర్లు. 1000 వాట్లయితే 90.

ఈ 45 ఆంపియర్లు బేస్ గట్టిగా కొట్టినప్పుడు మాత్రమే. పాట మొత్తం మీద సగటు తీస్తే మూడో వంతో, అంతకంటే తక్కువో ఉంటుంది. కానీ కొత్తపేట దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉన్నారు, ఏసీ ఆన్‌లో ఉంది, రాత్రి కాబట్టి హెడ్‌లైట్లు కూడా వెలుగుతున్నాయి అనుకోండి. ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్ తన పూర్తి కెపాసిటీ ఇవ్వలేదు. ఆ లోటు బ్యాటరీ మీద పడుతుంది. అలాంటప్పుడు రెండో బ్యాటరీ కాస్త ఆదుకుంటుంది. ఇంజిన్ ఆపేసి పాటలు వినేవాళ్లకైతే బాగా పనికొస్తుంది.

ఆదివారం డిక్కీలో ఏం కనిపించింది?

మావాడి బండి స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు ఆన్ చేసి, గోడకు ఎదురుగా నిలబెట్టాం. పాట పెట్టి సౌండ్ పెంచాం. ఆంప్ కట్ అయ్యింది, కానీ గోడ మీద హెడ్‌లైట్ వెలుగు ఏమాత్రం వణకలేదు. నాకు అక్కడే డౌట్ వచ్చింది. నిజంగా బండికి పవర్ సరిపోకపోతే బేస్ పడ్డ ప్రతిసారీ లైట్లు కూడా డిమ్ అవ్వాలి. లైట్లు బాగుండి, ఆంప్ ఒక్కటే ఆకలితో ఉందంటే కరెంట్ దారిలో ఎక్కడో ఆగిపోతోందన్నమాట.

దీన్ని మన భాషలో చెప్పాలంటే, 67 వాట్ల ఛార్జర్‌కి నాసిరకం కేబుల్ పెట్టి ఫోన్ స్లోగా ఛార్జ్ అవుతోందని కొత్త ఛార్జర్ కొనడం లాంటిది. తప్పు ఛార్జర్‌ది కాదు, కేబుల్‌ది.

మల్టీమీటర్ తీశాను. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, కట్ అయ్యే పాయింట్‌కి కాస్త ముందు వాల్యూమ్ ఆపి కొలిచాం. వచ్చిన రీడింగ్స్ ఇవి:

- ముందు బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర: 13.6 వోల్టులు
- ఆంప్ టెర్మినల్స్ దగ్గర: 11.1 వోల్టులు
- ప్లస్ కేబుల్‌లో పోయింది: 0.7 వోల్టు
- ఎర్త్ వైపు పోయింది: 1.8 వోల్టులు

ఎర్త్ వైర్ వెంట వెళ్లి చూస్తే అది వెనక సీటు బెల్ట్ బోల్టుకి బిగించి ఉంది. కింద పెయింట్ గీకలేదు. 1.8 వోల్టులు, 45 ఆంపియర్లు. గుణిస్తే 81 వాట్లు! మనం ఇంట్లో వాడే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. అలాంటివి మూడు ఒకే బోల్టు దగ్గర పెట్టినట్టు. థింబుల్ దగ్గర ఇన్సులేషన్ కరిగింది, దాని మీదున్న కార్పెట్ గోధుమ రంగుకి తిరిగి కమిలిపోయింది. నాలుగు రోజుల ముందు రాత్రి ఇదే బండిలో మా పిన్ని, బాబాయి హయత్‌నగర్ వెళ్లి వచ్చారు. వాళ్లు వెనక సీట్లోనే కూర్చున్నారు.

ఆ స్థితిలో రెండో బ్యాటరీ పెడితే ఏమయ్యేది?

ఇది చాలా ముఖ్యం. ఆ రోజు 14 వేలు కట్టి బ్యాటరీ పెట్టించి ఉంటే ప్రాబ్లమ్ వెంటనే తగ్గిపోయేది! ఎందుకంటే ఆంప్‌కి పక్కనే బ్యాటరీ దొరికింది, ఆ చెడ్డ బోల్టుతో పని లేకుండా కరెంట్ వస్తుంది. మావాడు హ్యాపీ, షాపు వాళ్లూ హ్యాపీ.

కానీ వెనక బ్యాటరీ ఛార్జ్ అవ్వాలంటే కరెంట్ ఆల్టర్నేటర్ నుంచి ప్లస్ కేబుల్‌లో వచ్చి, బాడీ ద్వారా తిరిగి వెళ్లాలి. ఆ తిరుగు దారి అదే సీటు బెల్ట్ బోల్టు. పాటలు మోగుతున్నంతసేపూ ఆ బోల్టు దగ్గర ఎంతో కొంత వోల్టేజ్ పోతూనే ఉంటుంది. వెనక బ్యాటరీకి 14 వోల్టులు అందాల్సిన చోట 13 కూడా అందదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎప్పుడూ సగం కడుపుతో ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, కెపాసిటీ శాశ్వతంగా తగ్గిపోతుంది. కొన్ని నెలల్లో "బ్యాటరీ పోయింది, మార్చాలె" అంటారు. బోల్టు మాత్రం లోపల వేడెక్కుతూనే ఉంటుంది.

అంటే చెడ్డ ఎర్తింగ్‌ని రెండో బ్యాటరీ బాగు చేయదు, దాచిపెడుతుంది. ఈ ఆర్టికల్‌లో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

మీ కారులో మీరే ఇలా కొలవండి

కావాల్సింది ఒక మల్టీమీటర్, రెండు మూడు మీటర్ల మామూలు వైరు, ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్. మల్టీమీటర్ లేకపోతే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు.

1. బండిని గాలి ఆడే చోట పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆన్ చేయండి. మూసి ఉన్న సెల్లార్‌లో మాత్రం వద్దు.
2. మీటర్‌ని డీసీ వోల్టులలో పెట్టండి. ఒక ప్రోబ్ ఆంప్ మైనస్ టెర్మినల్ మీద, రెండోది, వైరుతో పొడిగించుకుని, ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద.
3. 50 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి వాల్యూమ్ మెల్లగా పెంచండి. ఎక్కువ వాల్యూమ్‌లో ఐదు పది సెకన్లకు మించి ఉంచకండి, సబ్ వూఫర్ కాయిల్ కాలిపోతుంది.
4. రీడింగ్ 0.1 వోల్టు లోపు ఉంటే సూపర్. 0.2 వరకు ఫర్వాలేదు. 0.5 దాటితే సిస్టమ్ ఆపేసి ముందు ఎర్తింగ్ సరిచేయండి.
5. ఇప్పుడు ఒక ప్రోబ్ ముందు బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి ఆంప్ ప్లస్ మీద పెట్టి అదే టెస్ట్ చేయండి. రెండూ కలిపి 0.5 వోల్టు లోపు ఉండేలా చూసుకోండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి, "బీప్" సౌండ్ రాగానే ఎర్త్ బాగుందని డిసైడ్ అయిపోతారు. మావాడి బోల్టు కూడా శుభ్రంగా బీప్ ఇచ్చింది! అక్కడి రెసిస్టెన్స్ సుమారు 0.04 ఓమ్ మాత్రమే. మామూలు మీటర్ ప్రోబ్ వైర్ల రెసిస్టెన్సే అంతకంటే ఎక్కువ ఉంటుంది. 0.04 అనేది ఫోన్ ఛార్జింగ్‌కి చిన్న విషయం, 45 ఆంపియర్లకు మాత్రం చాలా పెద్దది. అందుకే లోడ్ మీద వోల్టులే కొలవాలి.

ఎర్తింగ్ సరిగ్గా చేయడం ఎలా?

మేము చేసిన రిపేర్‌కి మూడొందలు కూడా కాలేదు. సాండ్‌పేపర్, కొత్త థింబుల్, 8 ఎమ్‌ఎమ్ బోల్టు, నట్టు, పళ్ల వాషర్, అంతే.

- పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసేయండి. తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. పానా పొరపాటున బాడీకి తగిలినా నిప్పురవ్వలు రాకుండా ఉండటానికే ఈ రూల్.
- డిక్కీ ఫ్లోర్‌లో మందంగా, గట్టిగా ఉన్న లోహం ఎంచుకోండి. పల్చటి రేకు వద్దు. సీటు బెల్ట్ బోల్టుల జోలికి అసలు వెళ్లకండి. అవి యాక్సిడెంట్‌లో మనిషిని పట్టి ఉంచడానికి ఉన్నవి, అక్కడ థింబుల్ ఇరికిస్తే బిగింపు దెబ్బతింటుంది.
- డ్రిల్ పెట్టే ముందు బండి కిందకి వంగి చూడండి. పెట్రోల్ ట్యాంకు, బ్రేక్ పైపులు అక్కడే ఎక్కడో ఉంటాయి.
- రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద వెడల్పులో పెయింట్, ప్రైమర్ మొత్తం గీకి, లోహం మెరిసేదాకా రుద్దండి.
- ఎర్త్ కేబుల్ మందం ప్లస్ కేబుల్‌తో సమానంగా ఉండాలి. "ఎర్తే కదా, సన్నది చాలు" అంటే ఒప్పుకోవద్దు. ప్లస్‌లో వెళ్లినంత కరెంటూ మైనస్‌లో తిరిగి రావాల్సిందే. పొడవు 45 సెంటీమీటర్ల లోపు ఉంటే మంచిది.
- బిగించాక పైన జింక్ స్ప్రే గానీ పెయింట్ గానీ కొట్టండి, వాసలీన్ రాసినా సరే. సరూర్‌నగర్ చుట్టుపక్కల కాలనీల్లో వానాకాలం రోడ్ల మీద నీళ్లు ఎలా నిలుస్తాయో మీకు చెప్పక్కర్లేదు. తేమ తగిలితే గీకిన లోహం త్వరగా తుప్పు పడుతుంది.

వెనక ఒక్కటే చూస్తే సరిపోదు, బానెట్ కింద కూడా మూడు కేబుల్స్ చెక్ చేయండి: ఆల్టర్నేటర్ ప్లస్ నుంచి బ్యాటరీ ప్లస్‌కి, బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజిన్ నుంచి బాడీకి. పాత బండ్లలో ఇవి తుప్పు పట్టి ఉంటే హెడ్‌లైట్లు డిమ్ అవ్వడం, సెల్ఫ్ నీరసంగా తీసుకోవడం లాంటివి కనిపిస్తాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు స్పీకర్లలో "కీ..." అని సౌండ్ వస్తోందా? అది కూడా చాలాసార్లు ఎర్త్ తేడా వల్లే. స్టీరియో ఎర్త్‌కీ ఆంప్ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ తేడా ఉంటే ఆ తేడా ఆడియో కేబుల్‌లో దూరి సౌండ్‌గా వినిపిస్తుంది.

మా రిపేర్ తర్వాత ఎర్త్ వైపు డ్రాప్ 1.8 నుంచి 0.08కి పడిపోయింది. ఆంప్ ఎర్ర లైట్ మళ్లీ రాలేదు.

ప్లస్ కేబుల్‌లో పోతున్న 0.7 సంగతి? ఒక పోగు తీసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించింది. అది రాగి పూత వేసిన అల్యూమినియం, అంటే సీసీఏ కేబుల్. బయట "4 గేజ్" అనే ఉంటుంది, రెసిస్టెన్స్ మాత్రం రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు. దాని బదులు అసలైన రాగి కేబుల్, 21 చదరపు మిల్లీమీటర్లది వేశాం. డ్రాప్ 0.3కి వచ్చింది.

ఇక రెండో బ్యాటరీ ఎవరికి కావాలి?

ఇంత అయ్యాక మావాడు అన్నాడు: "అన్నా, ఆదివారం క్రికెట్ ఆడేటప్పుడు గ్రౌండ్ దగ్గర బండి ఆపి పాటలు పెట్టుకుంటం. పోయిన్సారి బ్యాటరీ డౌన్ అయి బండి తోసినం."

ఇది సరైన కారణం! ఇంజిన్ ఆపి వింటారు, తర్వాత సెల్ఫ్ కొడితే బండి స్టార్ట్ అవ్వాలి. దీనికి రెండో బ్యాటరీ కరెక్ట్ సొల్యూషన్. మేము పెట్టిన విధానం ఇది.

బ్యాటరీ రకం: డిక్కీ అంటే మనం కూర్చునే క్యాబిన్‌లో భాగమే. డిస్టిల్డ్ వాటర్ పోసే మామూలు బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి లోపల పెట్టేది సీల్డ్ ఏజీఎమ్ బ్యాటరీ అయ్యి ఉండాలి. మేము 40 ఏహెచ్ తీసుకున్నాం. సగం వరకే వాడుకుందాం అనుకుంటే 20 ఏహెచ్. సగటున 12 ఆంపియర్లు లాగితే సుమారు గంటన్నర పాటలు. లిథియం ఫాస్ఫేట్ తేలిగ్గా ఉంటుంది, కానీ దాని ఛార్జింగ్ లెక్క వేరు. బీఎమ్‌ఎస్, డీసీ టు డీసీ ఛార్జర్ లేకుండా నేరుగా కలపొద్దు.

కనెక్షన్: ప్లస్‌కి ప్లస్, మైనస్ బాడీకి, అంటే ప్యారలల్. రెండింటి మధ్య ప్లస్ లైన్‌లో ఒక ఐసొలేటర్ రిలే పెట్టాలి. వోల్టేజ్ సుమారు 13.3 దాటితే కలిపేది, 12.8 దగ్గరకు పడితే విడగొట్టేది దొరుకుతుంది. ఇంజిన్ ఆన్‌లో రెండూ ఛార్జ్ అవుతాయి, ఆపేస్తే పాటలు వెనక బ్యాటరీనే తింటాయి. ముందుది సెల్ఫ్ కోసం భద్రం. రెండింటినీ నేరుగా కలిపేస్తే రెండూ కలిసి డౌన్ అవుతాయి, మళ్లీ బండి తోయాల్సిందే.

ఫ్యూజులు రెండు: మామూలు ఆంప్ సెటప్‌లో ముందు బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజ్ చాలు. రెండు బ్యాటరీలు ఉన్నప్పుడు ఆ కేబుల్‌కి రెండు చివరలా కరెంట్ ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ముందు ఫ్యూజ్ కొట్టేసినా, వెనక బ్యాటరీ వందల ఆంపియర్లు పంపిస్తూనే ఉంటుంది. అందుకే ప్రతి బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఒక ఫ్యూజ్ తప్పనిసరి. ఫ్యూజ్ రేటింగ్ కేబుల్ మోయగలిగిన దాన్ని బట్టి పెట్టాలి. మా 21 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌కి 100 ఆంపియర్లు పెట్టాం. ఇనుప షీట్‌లోంచి కేబుల్ దూరే చోట రబ్బర్ గ్రోమెట్ వేయడం మర్చిపోవద్దు.

ఎర్తింగ్: ఆంప్ మైనస్‌ని వెనక బ్యాటరీ మైనస్‌కి తెచ్చి, అక్కడి నుంచి పైన చెప్పిన పద్ధతిలో బాడీకి ఒకే మందమైన కేబుల్. తర్వాత మళ్లీ అదే వోల్టేజ్ డ్రాప్ టెస్ట్.

బిగింపు: 12 కిలోలకు పైగా బరువున్న డబ్బా సడన్ బ్రేక్ వేస్తే వెనక సీటు మీదికి వస్తుంది. లోహపు క్లాంప్‌తో బోల్టు చేయండి, వెల్‌క్రో పట్టీలు చాలవు. ప్లస్ టెర్మినల్ మీద కవర్ ఉండాలి.

వీళ్లు మాత్రం ఆగండి

డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్న బండిలో రెండో బ్యాటరీ ఆలోచన మానుకోండి. గ్యాస్ జాయింట్ల పక్కన రిలే, ఫ్యూజ్, బ్యాటరీ పెట్టడం ప్రాణాలతో చెలగాటం.

ఎర్టిగా, సియాజ్ స్మార్ట్ హైబ్రిడ్ లాంటి బండ్లలో ఇప్పటికే కంపెనీ పెట్టిన లిథియం బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ని కంప్యూటర్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి మామూలు రిలే సరిగ్గా పనిచేయకపోవచ్చు. అక్కడ డీసీ టు డీసీ ఛార్జర్ కావాలి. ముందు బ్యాటరీ మైనస్ మీద సెన్సర్ ఉంటే అదనపు ఎర్త్‌ని టెర్మినల్‌కి కాకుండా బాడీకి ఇవ్వాలి. వారంటీలో ఉన్న బండి అయితే ఏ వైరూ కట్ చేయకముందే వారంటీ కండిషన్స్ చదవండి.

ఇంకో మాట. మే నెల ఎండలో పార్క్ చేసిన కారు డిక్కీ కొలిమిలా ఉంటుంది. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగం అవుతుంది. నీడలో పార్క్ చేస్తే ఆ డబ్బు మీకే మిగులుతుంది.

ఫైనల్‌గా

ముందు కొలవండి, తర్వాత ఎర్తింగ్, ఆ తర్వాత కేబుల్. ఇవన్నీ బాగుండి కూడా ఇంజిన్ ఆపి వినే అలవాటు ఉంటే అప్పుడు రెండో బ్యాటరీ. ఇంజిన్ ఆన్‌లోనే వింటూ, బేస్‌కి హెడ్‌లైట్లు కూడా డిమ్ అవుతుంటే బానెట్ కింద మూడు కేబుల్స్, ఆ తర్వాత ఆల్టర్నేటర్ కెపాసిటీ చూడండి. షాపులో ఫిట్టింగ్ చేయిస్తుంటే పక్కనే నిలబడి రెండు ప్రశ్నలు అడగండి: "అన్నా, ఎర్త్ ఎక్కడ ఇస్తున్నావ్? రెండో ఫ్యూజ్ ఎక్కడ?" పని తెలిసినవాళ్లు సంతోషంగా చూపిస్తారు. చిరాకు పడితే బండి వెనక్కి తీసుకొచ్చేయండి.

మావాడు ఆ కమిలిన కార్పెట్ ముక్కని కత్తిరించి డ్యాష్‌బోర్డ్ డబ్బాలో దాచుకున్నాడు. ఫ్రెండ్స్ ఎవరైనా ఆంప్ పెట్టిస్తానంటే ముందు అది తీసి చూపిస్తున్నాడట. నా ఆర్టికల్ కంటే అదే బాగా పనిచేస్తున్నట్టుంది!